బీఎస్సీ మ్యాథ్స్ చదివి సాఫ్ట్‌వేర్‌లోకి రావాలనుకుంటున్న తమ్ముడికి

ప్రశ్న: మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. నాన్న మిర్చి రైతు. బీఎస్సీ ఎం.పి.సి. పూర్తయి ఏడాదైంది, 72 శాతం వచ్చింది. డిగ్రీలో కంప్యూటర్ సబ్జెక్టు లేదు. ఇంట్లో బీఈడీ చేసి డీఎస్సీ రాయమంటున్నారు. నాకేమో సాఫ్ట్‌వేర్ మీద ఇష్టం. ఎంసీఏ చేయాలా, అమీర్‌పేట వెళ్లి కోర్సు చేయాలా? బీటెక్ వాళ్లతో పోటీపడగలనా? ఏఐ వచ్చాక అసలు ఉద్యోగాలు ఉంటాయా?

సమాధానం:

తమ్ముడూ, నువ్వు అంటున్నానని ఏమీ అనుకోకు. మా ఇంట్లో ఆఖరివాడు నీకంటే పెద్దవాడు. నీ ప్రశ్న చదువుతుంటే 2011లో నేను రాసుకున్న డైరీ చదివినట్టే ఉంది. మాది విజయనగరం జిల్లా. డిగ్రీలో ఎం.పి.సి., తర్వాత విశాఖలో ఎమ్మెస్సీ మ్యాథ్స్. నేను పట్టా పుచ్చుకున్నది 2009లో. ఆ జనవరిలోనే సత్యం కంప్యూటర్స్ కుంభకోణం బయటపడింది, అమెరికా మాంద్యం అప్పటికే నడుస్తోంది. ఉద్యోగాల్లో ఉన్నవాళ్లనే ఇంటికి పంపుతున్న రోజులు. రెండేళ్లు ఒక జూనియర్ కాలేజీలో ఇంటర్ పిల్లలకు లెక్కల పేపర్లు 2ఎ, 2బి చెప్పి, ఆ తర్వాత హైదరాబాద్ బస్సెక్కాను. ఇప్పుడు ఒక డెవలప్‌మెంట్ టీమ్‌ను నడుపుతున్నాను. గత ఏడెనిమిదేళ్లుగా ఫ్రెషర్లను ఇంటర్వ్యూ చేసే ప్యానెల్‌లో కూడా ఉంటున్నాను. కాబట్టి బల్లకు రెండు వైపులా కూర్చున్న అనుభవంతో చెబుతున్నాను.

బీటెక్ వాళ్లతో పోటీపడగలవు. అందులో అనుమానం పెట్టుకోకు. వాళ్ల దగ్గర ఉండి నీ దగ్గర లేనిది ముఖ్యంగా ఒక్కటే, కోడ్ రాస్తూ కూర్చున్న గంటలు. నిజానికి చాలామంది బీటెక్ పిల్లల దగ్గర కూడా అవి పెద్దగా ఉండవు. ల్యాబ్ రికార్డు పక్కవాడిది చూసి ఎక్కించినవాళ్లే ఎక్కువ. ఈ గంటల లోటు మన చేతిలో ఉన్నది, తీర్చుకోవచ్చు. దాన్ని వదిలేసి సర్టిఫికెట్లతో, కోర్సుల పేర్లతో నింపాలని చూస్తేనే ఏళ్లు వృథా అవుతాయి. నేను అలా ఏడాది పోగొట్టుకున్నాను.

మ్యాథ్స్ చదివినవాళ్లకు ఒక అలవాటు ఉంటుంది. సిలబస్ అయిపోతే చదువు అయిపోయినట్టు అనుకుంటాం. యూనిట్ వన్, యూనిట్ టూ, మోడల్ పేపర్, పరీక్ష. ప్రోగ్రామింగ్ కూడా అలాగే నేర్చుకోవాలని చూస్తాం. జావా పుస్తకం మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా చదివి, నోట్సు రాసుకుని, "జావా అయిపోయింది, ఇక పైథాన్" అంటాం. నా దగ్గర నాలుగు నోటుపుస్తకాల నిండా చక్కటి చేతిరాతతో జావా నోట్సు ఉండేది. మొదటి ఇంటర్వ్యూలో ఒక వాక్యంలోని పదాలను తిరగేసి రాయమంటే చేతులు వణికాయి. ఈత గురించి చదివి చెరువులో దిగినట్టయింది.

ఇప్పుడు లెక్కల విషయానికి వద్దాం. నిన్ను ఒకటి అడుగుతాను, నిజం చెప్పుకో. రియల్ అనాలిసిస్‌లో రోల్స్ థీరమ్ రుజువు అర్థమై రాశావా, గైడు చూసి బట్టీపట్టి రాశావా? గ్రూప్ థియరీలో లాగ్రాంజ్ సిద్ధాంతాన్ని పుస్తకం మూసి ఇప్పుడు రుజువు చేయగలవా? చేయగలిగితే నీ చేతిలో ఉన్నది చాలా విలువైన పనిముట్టు. లేకపోయినా భయపడక్కర్లేదు, నెల రోజులు కూర్చుంటే వస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో పనికొచ్చేది ఆ సిద్ధాంతం కాదు, రోజువారీ పనిలో సబ్‌గ్రూపులు, ఇంటిగ్రళ్లు తగలవు. "ఇది ఎప్పుడు నిజం, ఏ షరతు తీసేస్తే కూలిపోతుంది" అని అడిగే అలవాటు పనికొస్తుంది. ఆ అలవాటు ఎలా పనిచేస్తుందో రెండు సంగతులు దగ్గరగా చూపిస్తాను.

మొదటిది ఇంటర్వ్యూల్లో నేను తరచూ అడిగే ప్రశ్న. వరుసలో పేర్చిన జాబితాలో ఒక సంఖ్యను వెతకాలంటే మధ్యకు వెళ్లి చూస్తాం. అక్కడున్నది మనకు కావాల్సిన దానికంటే చిన్నదైతే కుడివైపు, పెద్దదైతే ఎడమవైపు వెతుకుతాం. దీన్నే బైనరీ సెర్చ్ అంటారు. మధ్య స్థానం కనుక్కోవడానికి అందరూ రాసేది మొదలు, చివర స్థానాల సంఖ్యలు కలిపి రెండుతో భాగించడం. ఇందులో తప్పేముంది అని అడుగుతాను. లెక్కల్లో ఇందులో తప్పేమీ లేదు. రెండు సంఖ్యల సగటు ఎప్పుడూ ఆ రెంటి మధ్యే ఉంటుంది కదా! కానీ జావాలో ఇంట్ అనే పూర్ణాంకానికి పై హద్దు ఉంది, 2,14,74,83,647. మొదలు 150 కోట్లు, చివర 160 కోట్లు అనుకో. కలిపితే 310 కోట్లు రావాలి. హద్దు దాటింది కాబట్టి మెషిన్‌లో అది మైనస్ 119 కోట్ల చిల్లరగా మారిపోతుంది. రెండుతో భాగిస్తే మైనస్ 59 కోట్ల చిల్లర. జాబితాలో మైనస్ స్థానం ఎక్కడుంటుంది? ప్రోగ్రాం అక్కడికక్కడే పడిపోతుంది.

ఇది ఎవరో కొత్తవాళ్లు చేసిన తప్పు కాదు. జావా సొంత లైబ్రరీలోనే ఇది దాదాపు తొమ్మిదేళ్లు దాగి ఉంది. ఆ కోడ్ రాసిన జాషువా బ్లాకే 2006లో ఈ సంగతి బయటపెట్టారు. అంతకుముందు ఈ పద్ధతి సరైనదేనని రుజువు చేసి చూపించిన పెద్దలూ ఉన్నారు. ఆ రుజువు హద్దులేని పూర్ణాంకాలకు సరిపోతుంది, జావా ఇంట్ లాంటి 32 బిట్ల పూర్ణాంకాలకు సరిపోదు. సవరణ చాలా చిన్నది. చివరలోంచి మొదలు తీసేసి, అందులో సగాన్ని మొదలుకు కలిపితే చాలు, కూడిక హద్దు దాటదు.

రెండేళ్ల కిందట ఈ ప్రశ్నకు ఒక బీటెక్ అబ్బాయి క్షణంలో జవాబు చెప్పాడు, ఇంటర్వ్యూ ప్రశ్నల జాబితాలో చదివాడు. "మరి కూడికను 64 బిట్లలో చేస్తే?" అనేసరికి ఆగిపోయాడు. అదే రోజు బీఎస్సీ మ్యాథ్స్ చదివిన ఒక అమ్మాయి వచ్చింది. ఆమెకు ఈ ప్రశ్న తెలియదు. కాసేపు కాగితం వైపు చూసి, "మేడమ్, ఈ పూర్ణాంకాలకు పై హద్దు ఏమైనా ఉందా?" అని అడిగింది. ఉందని చెప్పాను. అక్కడి నుంచి మిగతాదంతా తనే రాబట్టుకుంది. మేం ఆమెనే తీసుకున్నాం. ఆ ప్రశ్న అడగడం ఆమెకు ఏ కోచింగ్ సెంటరూ నేర్పలేదు.

రెండోది నా సొంత కథ. హైదరాబాద్‌లో నా మొదటి ఉద్యోగం మాన్యువల్ టెస్టింగ్, నెలకు 9 వేలు. చిన్న కంపెనీ, దుకాణాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసేది. జీఎస్టీ రాకముందు వ్యాట్ రోజులవి. ఒక దుకాణం నుంచి ఫిర్యాదు వచ్చింది, బిల్లులో చూపే పన్నుకు, నెలాఖరు రిపోర్టులో వచ్చే పన్నుకు పైసల్లో తేడా వస్తోందని. డెవలపర్లు రెండు రోజులు డేటాబేస్ అంతా గాలించారు. నేను కాగితం మీద ఒక బిల్లు వేసి చూశాను. ఒక్కోటి 10 రూపాయల 11 పైసల చొప్పున మూడు వస్తువులు, పన్ను 5 శాతం. వస్తువు వస్తువుకు పన్ను వేస్తే 0.5055, అంటే దగ్గరి పైసకు సవరించాక 51 పైసలు. మూడింటికి కలిపి 1 రూపాయి 53 పైసలు. అదే మొత్తం 30 రూపాయల 33 పైసల మీద ఒకేసారి వేస్తే 1.5165, అంటే 1 రూపాయి 52 పైసలు. బిల్లు ఒక పద్ధతిలో, రిపోర్టు రెండో పద్ధతిలో లెక్క కడుతున్నాయి. కోడ్ రెండు చోట్లా సరిగ్గానే ఉంది.

సవరించి కూడితే వచ్చేది, కూడి సవరిస్తే వచ్చేది ఒకటి కావాలని రూలేమీ లేదు. లీనియర్ ఆల్జీబ్రాలో ఏ ఫంక్షన్ లీనియర్, ఏది కాదు అని మూడేళ్లు లెక్కలు చేసినవాళ్లకు ఇది వెంటనే తట్టాలి, నాకు తట్టింది. ఆ కాగితం మా మేనేజర్ ముందు పెట్టిన మూడు నెలలకు నన్ను డెవలప్‌మెంట్‌లోకి మార్చారు. లెక్కల డిగ్రీ ఉద్యోగం ఇప్పించడం నా విషయంలో అలా జరిగింది. దానికి ముందు ఆ ఆఫీసు లోపలికి అడుగుపెట్టడానికి మాత్రం డిగ్రీ ఒక్కటే సరిపోలేదు.

కాబట్టి లోపలికి అడుగుపెట్టే సంగతి చూద్దాం. ఒక భాష పట్టుకో, ఒక్కటే. నన్నడిగితే జావా. హైదరాబాద్‌లో, బెంగళూరులో సర్వీస్ కంపెనీల పనుల్లో ఎక్కువ భాగం దాని మీదే నడుస్తోంది, పైగా డేటా రకాల (టైప్స్) విషయంలో కచ్చితంగా ఉంటుంది కాబట్టి నిర్వచనాలకు అలవాటుపడ్డ మనకు నప్పుతుంది. జావా బరువుగా అనిపిస్తే పైథాన్‌తో మొదలుపెట్టు, తప్పేమీ లేదు. రెండూ ఒకేసారి మాత్రం వద్దు. దాంతోపాటు డేటాబేస్‌లోంచి సమాచారం అడిగే భాష ఎస్‌క్యూఎల్ తప్పనిసరి. అది మనకు ఇంటి సొత్తు లాంటిది. సమితులు, సంబంధాలు ఇంటర్ నుంచీ చదివాం కదా, రిలేషనల్ డేటాబేస్ అంటే అవే. 1970లో ఆ పద్ధతిని ప్రతిపాదించిన ఐబీఎం శాస్త్రవేత్త కాడ్ కూడా లెక్కలు చదివినవాడే. అక్కడ నల్ అనే దాని దగ్గర, అంటే విలువ లేని ఖాళీ దగ్గర, మాత్రం జాగ్రత్తగా ఉండు. నల్, నల్‌కు సమానమా అని అడిగితే ఎస్‌క్యూఎల్ అవునని చెప్పదు, కాదనీ చెప్పదు. మనం నేర్చుకున్న నిజం, అబద్ధం కాక మూడో విలువ ఒకటి అక్కడ ఉంటుంది. దాన్ని ఒక పూట కూర్చుని అర్థం చేసుకో.

సాధనకు ప్రాజెక్ట్ ఆయిలర్ అనే సైట్ చూడు, మ్యాథ్స్ వాళ్ల కోసమే పెట్టినట్టుంటుంది. మొదటి లెక్క ఇది: 1000 కంటే తక్కువ ఉండి 3తో గానీ 5తో గానీ భాగించబడే సంఖ్యల మొత్తం ఎంత? లూప్ రాస్తే, అంటే ఒక్కో సంఖ్యనూ వరుసగా చూడమని మెషిన్‌కు చెబితే, నాలుగు లైన్లు. అంకశ్రేఢితో చేస్తే మూడు కూడికలు. 3 గుణిజాల మొత్తం 1,66,833, 5 గుణిజాలది 99,500, రెండుసార్లు లెక్కలోకి వచ్చిన 15 గుణిజాలది 33,165 తీసేయాలి. జవాబు 2,33,168. నువ్వు రెండు పద్ధతులూ రాయి. రెండూ ఒకటే జవాబు ఇస్తున్నాయో లేదో ప్రోగ్రాంతోనే పరీక్షించు. తర్వాత 1000 బదులు 100 కోట్లు పెట్టి, లూప్‌కు ఎంత సమయం పట్టిందో, ఫార్ములాకు ఎంత పట్టిందో చూడు. పెట్టేటప్పుడు ఇందాక చెప్పిన పూర్ణాంకం హద్దు గుర్తుంచుకో. ఈ ఒక్క లెక్కలో లూప్, షరతు, హద్దు, పరీక్ష, వేగం అన్నీ వచ్చేస్తాయి. రోజుకు మూడు గంటలు, చేత్తో టైపు చేస్తూ, ఆరు నెలలు. వీడియోలు చూసిన సమయం ఈ లెక్కలోకి రాదు.

అక్కడితో ఆగితే పజిళ్లు విప్పే మనిషివి అవుతావు, డెవలపర్‌వి కావు. చాలామంది మ్యాథ్స్ పిల్లలు ఇక్కడే చిక్కుకుపోతారు, పజిల్ విప్పడంలో రుచి దొరుకుతుంది కాబట్టి. రెజ్యూమెలో పెట్టడానికి ఒక పని చేసే ప్రోగ్రాం కావాలి. లైబ్రరీ మేనేజ్‌మెంట్, స్టూడెంట్ మేనేజ్‌మెంట్ అని పెట్టకు. వంద రెజ్యూమెల్లో తొంభైలో అవే ఉంటాయి, మేం ఆ లైన్ చదవడమే మానేశాం.

మీ నాన్నగారు మిర్చి రైతు అన్నావు. గుంటూరు యార్డుకు టిక్కీలు (మిర్చి బస్తాలు) వేసుకెళ్లినప్పుడు కమీషన్ వ్యాపారి ఇచ్చే బిల్లు కాగితం చూశావా? ఎన్ని టిక్కీలు, ఒక్కో దాని తూకం, క్వింటాలు ధర, అందులోంచి కమీషన్, హమాలీ, ఇతర కోతలు, చివరికి రైతు చేతికి వచ్చేది. ఆ కాగితాన్ని ప్రోగ్రాంగా రాయి. తూకం కిలోల్లో ఉంటుంది, ధర క్వింటాలుకు ఉంటుంది. పైసలు ఎక్కడ సవరించాలి? డబ్బును దశాంశ సంఖ్యగా దాచితే ఏమవుతుందో చూడు. పైథాన్‌లో 0.1, 0.2 కూడితే సరిగ్గా 0.3 రాదు, 0.30000000000000004 వస్తుంది. అందుకే డబ్బును పైసల్లో పూర్ణాంకంగా దాచుకోవడం మేలు. ఒకే లోడులో రెండు రకాల సరుకుకు రెండు ధరలు పలికితే? వ్యాపారి దగ్గర ముందే అప్పు తీసుకుని ఉంటే? గత మూడేళ్ల బిల్లులు ఎక్కించి, నెలల వారీగా సగటు ధర చూపించు. నాన్నను పక్కన కూర్చోబెట్టుకుని వాడించు. ఆయన "ఇదేంటి, ఇక్కడ తూకం తప్పుగా ఉంది" అన్న ప్రతిచోటా నువ్వు నిజమైన సాఫ్ట్‌వేర్ పని నేర్చుకుంటున్నావన్న మాట. కోడ్‌ను గిట్‌హబ్‌లో పెట్టు, అది కోడ్ దాచుకుని నలుగురికీ చూపించే సైట్. ఒకేసారి ఆఖర్న పెట్టొద్దు, రోజూ చేసిన మార్పు రోజూ పెట్టు. ఇంటర్వ్యూ చేసేవాళ్లం ఆ తేదీలు చూస్తాం. ఇలాంటి ప్రాజెక్టు గురించి ఎవరైనా అరగంట అడిగినా నువ్వు తడబడవు, ఎందుకంటే అది నీ ఇంటి విషయం.

ఇక దారులు. బీఎస్సీతో నేరుగా తీసుకునే కంపెనీలు ఉన్నాయి. విప్రోలో వర్క్ ఇంటిగ్రేటెడ్ లెర్నింగ్ ప్రోగ్రాం అని ఉంది. బీసీఏ, బీఎస్సీ వాళ్లను తీసుకుని, పని చేయిస్తూనే ఎంటెక్ చదివిస్తారు. మ్యాథ్స్ వాళ్లు అర్హులే. మొదట్లో వచ్చేది స్టయిపెండ్, ఐదేళ్ల సర్వీస్ ఒప్పందం ఉంటుంది. ఒప్పందం ప్రతి లైనూ చదివి, మధ్యలో వస్తే ఎంత కట్టాలో తెలుసుకుని సంతకం పెట్టు. ఇంటి పరిస్థితి వల్ల రెండేళ్లు ఖర్చుపెట్టి చదవలేనివాళ్లకు ఇది మంచి దారి అని నా అభిప్రాయం. టీసీఎస్ కూడా బీఎస్సీ, బీసీఏ వాళ్లకు విడిగా డ్రైవ్‌లు పెడుతుంది. అయితే ఇలాంటి వాటిలో ఏ సంవత్సరం పాసైనవాళ్లు రాయొచ్చు అన్న షరతు ఉంటుంది. నీకు ఇప్పటికే ఏడాది గడిచింది కాబట్టి వాళ్ల కెరీర్ పేజీలు వారానికోసారి చూస్తూ ఉండు, ఆలస్యం చేయకు.

ఎంసీఏ గురించి. ఇప్పుడది రెండేళ్లే, మా రోజుల్లో మూడేళ్లు ఉండేది. ఐసెట్ రాసి దగ్గర్లో ఏదో ఒక కాలేజీలో చేరతానంటే నేను వద్దంటాను. క్యాంపస్‌కు కంపెనీలు రాని కాలేజీలో ఎంసీఏ చేస్తే రెండేళ్ల తర్వాత ఇదే ప్రశ్న మళ్లీ అడుగుతావు. నిమ్‌సెట్ రాయి. వరంగల్‌తో సహా ఎన్‌ఐటీల్లో ఎంసీఏ సీట్లకు అదే పరీక్ష. అందులో సగానికి పైగా మార్కులు లెక్కలవే. బీసీఏ వాళ్లు భయపడేది అక్కడే, నీకు బలం అక్కడే. డిగ్రీలో 60 శాతం అడుగుతారు, నీకు 72 ఉంది. ఎన్‌ఐటీలో సీటు వస్తే కళ్లు మూసుకుని చేరిపో. అక్కడ బీటెక్, ఎంసీఏ తేడా లేకుండా చాలా కంపెనీలు తీసుకుంటాయి.

లెక్కలంటే నిజంగా ప్రాణమైతే ఇంకో దారి ఉంది. చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎమ్మెస్సీ కంప్యూటర్ సైన్స్, డేటా సైన్స్ ఉన్నాయి. ప్రవేశ పరీక్ష కష్టం, రుజువులు రాయాలి. బట్టీ చదువు అక్కడ పనికిరాదు. ఎంటెక్ ప్రవేశాలకు రాసే గేట్‌లో 2024 నుంచి డేటా సైన్స్, ఏఐకి విడిగా పేపర్ పెట్టారు. ప్రాబబిలిటీ, లీనియర్ ఆల్జీబ్రా, కాల్క్యులస్ అందులో ఉంటాయి. ఉద్యోగం చేసుకుంటూ చదవాలంటే ఐఐటీ మద్రాస్ వాళ్ల ఆన్‌లైన్ బీఎస్ డిగ్రీ 2020 నుంచి నడుస్తోంది. ఒక్క మాట. "మ్యాథ్స్ వాళ్లకు డేటా సైన్సే బెస్ట్" అని నీకు చాలామంది చెబుతారు. ఆ రంగంలో లెక్కలు కావాలన్నది నిజమే. కానీ ఫ్రెషర్లకు అక్కడ తలుపులు ఇరుకు. ముందు కోడ్ రాసే ఉద్యోగంలో కుదురుకుని, డేటా వైపు తర్వాత జరగడం సులువు.

అమీర్‌పేట. నేను మంచీ చెబుతాను, చెడూ చెబుతాను. ఊళ్లో ఒంటరిగా కూర్చుని చదవలేనివాళ్లకు అక్కడి వాతావరణం ఉపయోగమే. పొద్దున్న ఏడింటికే క్లాసు, పక్క హాస్టల్లో అదే చదివే నలుగురు స్నేహితులు, ఎక్కడ వాకిన్ ఇంటర్వ్యూ ఉందో సాయంత్రానికి తెలిసిపోవడం. నాకు కోర్ జావా నేర్పిన సార్ నిజంగా గొప్ప ఉపాధ్యాయుడు, ఇప్పటికీ ఆయనను తలుచుకుంటాను. కానీ కోర్సు ఫీజుతో ఉద్యోగం కొనుక్కోవచ్చని మాత్రం అనుకోకు. నేను వెళ్లిన మొదటి నెలలోనే ఒక కన్సల్టెన్సీ వాళ్లు "శిక్షణ, ఉద్యోగం గ్యారెంటీ" అంటే అమ్మ గొలుసు తాకట్టు పెట్టి 35 వేలు కట్టాను. మూడో నెలకు ఆ గదికి తాళం, ఫోన్లు స్విచాఫ్. ఆ గొలుసు విడిపించడానికి నాకు ఏడాదిన్నర పట్టింది. గ్యారెంటీ అన్న మాట వినిపిస్తే అక్కడి నుంచి లేచి వచ్చేయి.

అంతకంటే పెద్ద ఉచ్చు ఫేక్ ఎక్స్‌పీరియన్స్. "మూడేళ్ల అనుభవం పెట్టిస్తాం, పే స్లిప్పులు మేమే ఇస్తాం" అంటారు. నా రూమ్మేట్ ఒకమ్మాయి ఒప్పుకుంది. పెద్ద కంపెనీలో చేరింది కూడా. ఏడో నెలలో బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికిపోయింది, మధ్యాహ్నం లోపు ల్యాప్‌టాప్ తీసుకుని గేటు దాకా పంపించారు. ఆ రాత్రి ఆ పిల్ల ఏడ్చిన ఏడుపు నేను మర్చిపోలేను. ఇప్పుడైతే పట్టుకోవడం ఇంకా తేలిక. పీఎఫ్ యూఏఎన్ నంబర్‌లో ఎప్పుడు ఎక్కడ చేరావో అన్నీ కనిపిస్తాయి. ఒక్కసారి ఆ మచ్చ పడితే నువ్వు నిజంగా నేర్చుకున్నది కూడా ఎవరూ నమ్మరు. ఏడాది గ్యాప్ ఉందని కంగారుపడి ఇందులో దిగకు. "ఈ ఏడాది ఇంట్లో ఉండి ఇది నేర్చుకున్నాను, ఇది తయారు చేశాను" అని చూపించగలిగితే ఆ గ్యాప్‌ను మేం పట్టించుకోం.

మొదటి ఉద్యోగం టెస్టింగో, సపోర్టో వస్తే చిన్నచూపు చూడకు. కాకపోతే రెండేళ్లకు మించి అక్కడే ఉండిపోకు. టెస్టింగ్‌లో ఉంటే ఆటోమేషన్ రాయడం మొదలుపెట్టు, సపోర్ట్‌లో ఉంటే వచ్చే సమస్యలకు స్క్రిప్టులు రాయి.

ఇంగ్లీషు గురించి నువ్వు అడగలేదు గానీ, పల్లె నుంచి వచ్చాం కాబట్టి నేనే చెబుతున్నాను. నాదీ తెలుగు మీడియమే. రోజూ పది నిమిషాలు, ఆ రోజు రాసిన కోడ్‌ను గట్టిగా ఇంగ్లీషులో వివరించి ఫోన్‌లో రికార్డ్ చేసుకునేదాన్ని. స్పోకెన్ ఇంగ్లీష్ కోర్సు కంటే అదే నాకు పనికొచ్చింది. ఇంటర్వ్యూలో మాకు కావాల్సింది గ్రామర్ కాదు. నువ్వు ఏం చేశావో, ఎందుకలా చేశావో అర్థమైతే చాలు.

ఏఐ సంగతి. ఇప్పుడు మా టీమ్‌లో అందరూ ఆ టూల్స్ వాడుతున్నారు, మామూలు కోడ్ చాలావరకు అవే రాస్తున్నాయి. ఫ్రెషర్ల నుంచి మేం ఆశించేది దానివల్ల పెరిగింది, అది దాచను. కానీ అవి రాసిన కోడ్‌లో పైన చెప్పిన పైసల తేడా లాంటివి దాక్కుని ఉంటాయి, చూడటానికి అంతా బాగానే ఉన్నట్టుంటుంది. దాన్ని అనుమానించి, హద్దుల దగ్గర పరీక్షించి, తప్పు ఎక్కడుందో చూపగలిగే మనిషి కావాలి. రుజువులో ఏ మెట్టు జారిందో పట్టుకోవడం నేర్చుకున్నవాళ్లకు ఆ చూపు ఉంటుంది. ఒక్కటే షరతు. మొదటి ఆరు నెలలు నీ కోడ్ నువ్వే రాసుకో. అర్థం కానిది వివరించమని ఏఐని అడుగు, రాసిపెట్టమని అడగకు. ఎక్కం రానివాడి చేతికి క్యాల్కులేటర్ ఇస్తే జవాబు తప్పొచ్చినా వాడికి తెలియదు కదా.

అమెరికా ఆలోచన ఏమైనా ఉంటే ఇప్పుడే తెలుసుకో. మన మూడేళ్ల డిగ్రీని వాళ్లు నాలుగేళ్ల డిగ్రీతో సమానంగా చూడరు. హెచ్-1బి లాంటి వాటికి తగ్గిన ఒక్కో చదువు సంవత్సరానికి మూడేళ్ల పని అనుభవాన్ని లెక్కలోకి తీసుకునే పద్ధతి ఉంది. గ్రీన్ కార్డు దగ్గర ఇంకా చిక్కులుంటాయి. అందుకే ఎప్పటికైనా ఒక పీజీ చేతిలో ఉండటం మంచిది. ఎంసీఏ, విప్రోలో ఎంటెక్, ఏదైనా సరే.

చివరిగా ఇంట్లోవాళ్ల మాట. బీఈడీ చేయమనడం తప్పేమీ కాదు. వాళ్లకు కనిపిస్తున్న భద్రత అది. నేను రెండేళ్లు పాఠాలు చెప్పాను, ఆ పని మీద నాకు ఎంతో గౌరవం. నీకు పాఠం చెప్పడం ఇష్టమైతే నిజంగానే దానికి వెళ్లు, లెక్కల టీచర్ల అవసరం ఎప్పుడూ ఉంటుంది. ఇష్టం లేకుండా మాత్రం వద్దు, అది పిల్లలకు అన్యాయం. నాన్నగారిని ఒక ఏడాది గడువు అడుగు. ఉత్తినే అడగకు, ఏ నెలలో ఏం చేస్తావో కాగితం మీద రాసి చూపించు. ఆరో నెలకు మిర్చి బిల్లు ప్రోగ్రాం, నిమ్‌సెట్ ఏ తేదీన, ఏ డ్రైవ్‌లకు అప్లై చేస్తావు, ఖర్చు ఎంత. మా నాన్న నన్ను హైదరాబాద్ పంపింది నా మాటలు విని కాదు, అలాంటి కాగితం చూసే. ఏడాదిలో ఏ దారీ కుదరకపోతే బీఈడీ ఎటూ ఉంటుంది, ఆ ఏడాదిలో నేర్చుకున్నదీ పోదు.

ఈ వారమే మొదలుపెట్టు. ఇంట్లో ల్యాప్‌టాప్ లేకపోతే సెకండ్ హ్యాండ్‌ది, 8 జీబీ ర్యామ్ ఉన్నది చాలు, కొత్తదాని కోసం అప్పు చేయొద్దు. మిర్చి బిల్లు రాసేటప్పుడు ఎక్కడైనా ఆగిపోతే, కోడ్, వచ్చిన ఎర్రర్ రెండూ ఇదే ప్రశ్న కింద పెట్టు. శనివారం సాయంత్రాలు నేను ఇక్కడ ఉంటాను, చూసి చెబుతాను.